రెండు హుండీలు, ఒక రసీదు

హుండీ అనగానే మన తెలుగువాళ్లకు తిరుపతి గుర్తొస్తుంది. అందులో సొమ్ము వేసినవాడికి రసీదు ఉండదు, అడిగే అలవాటూ మనకు లేదు. సూరత్‌లో పాత వ్యాపారులకు హుండీ అంటే వేరే. ఒక ఊళ్లో సొమ్ము కట్టి, ఇంకో ఊళ్లో పుచ్చుకోవడానికి రాసిచ్చే కాగితం అది. ఒకే మాట, కానీ ఒకటి నమ్మకం మీద నడిస్తే రెండోది లెక్క మీద నడిచింది.

ఈ సంగతి రాయడానికి కారణం ఒక నిమ్మకాయ. రక్షణ శాఖ లెక్కల ఆఫీసులో పద్దులు చూసి రిటైరయినవాణ్ణి నేను. సూరత్ దక్షిణ కొసన ఉన్ అనే పేటలో మా అబ్బాయి కాపురం. అక్కడ మనవాడిదే ఒక చిన్న చీరల దుకాణం ఉంది. అతని తండ్రి మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వచ్చాడట. కిందటిసారి వెళ్తే కార్డు మిషన్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి.

"నాలుగు వేల బేరమైంది సార్. మర్నాడు 3,905 రూపాయల 60 పైసలే పడ్డయ్. నెల తిరగకముందే నాలుగు వేలూ వాపస్ పోయినయ్. ఎవరి దిష్టో!" అన్నాడు.

సొమ్ము అద్భుతంగా వచ్చిన కథలు మనకు కొత్త కాదు. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి జైలుపాలైన కంచర్ల గోపన్న కోసం రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షలు కట్టారంటారు. గుజరాతులో జునాగఢ్ కవి నరసింహ మెహతా ద్వారకలో లేని సేటు పేర హుండీ రాసిస్తే, కృష్ణుడే సేటు వేషంలో వచ్చి చెల్లించాడంటారు. గమనించండి, రామదాసు కథలో రాముడు కూడా రసీదు తీసుకున్నాడు! కథ అల్లినవాడికి కూడా తెలుసు, కాగితం లేనిదే సర్కారు వదలదని.

అసలు హుండీకి ఏ దేవుడూ పూచీ పడలేదు. చూపగానే చెల్లించేది దర్శనీ హుండీ, గడువు మీద చెల్లించేది ముద్దతీ హుండీ. అంకెలు దిద్దకుండా 'ఐదు వందలు, అంటే రెండు వందల యాభైకి రెట్టింపు' అనే తరహాలో మొత్తాన్ని తిరగేసి రాసేవారు. హుండీ పోతే పేఠ్ అనే నకలు, అదీ పోతే పర్‌పేఠ్ ఇచ్చేవారు. ఆడిటర్‌గా చెబుతున్నాను, ఇది భక్తి కాదు, అనుమానం. ఆరోగ్యకరమైన అనుమానం.

రుసుమూ ఉండేది. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రేట్లు రాశాడు. సూరత్ మీద రాసే హుండీకి అహ్మదాబాదులో ఒకటి, ఒకటిన్నర శాతం. మన గోల్కొండలో నాలుగు నుంచి ఐదు. ఎందుకంత? దారిలో సరుకు దోపిడీ అయితే అప్పిచ్చినవాడి సొమ్ము పోయినట్టే. అంటే ఆ రేటు వెనుక ఉన్నది గ్రహబలం కాదు, దారి భయం.

కార్డు కూడా ఈ దారిలోనే వచ్చింది. 1958లో అమెరికాలోని ఫ్రెస్నోలో బ్యాంక్ ఆఫ్ అమెరికా, ఎవరూ అడగకుండానే సుమారు 60 వేల కార్డులు పోస్టులో పంచింది. ఎగవేతలు, మోసాలు వచ్చిపడ్డాక గానీ తనిఖీల విలువ తెలియలేదు. మన దేశంలో తొలి రోజుల్లోనే, 1981లో, ఆంధ్రా బ్యాంక్ క్రెడిట్ కార్డు తెచ్చింది. అప్పట్లో కార్డును కార్బన్ కాగితం కింద పెట్టి రుద్దడం, సంతకం పోల్చడం, పెద్ద మొత్తమైతే ఫోన్ చేసి అడగడం.

ఇప్పుడు అదే పని క్షణాల్లో అవుతుంది. ఉన్‌లో మిషన్ నుంచి కబురు దుకాణదారుడి బ్యాంకుకు, అక్కడి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి సంస్థకు, దాని ద్వారా కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్లి, 'సరే' అనే జవాబు తిరిగొస్తుంది. ఆ నిమిషాన డబ్బు కదలదు, మాట మాత్రమే కదులుతుంది. బ్యాంకుల మధ్య లెక్క తేలి, సాధారణంగా మర్నాడు సొమ్ము జమవుతుంది.

మనవాడి స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు వేల మీద 2 శాతం రుసుము 80 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 14 రూపాయల 40 పైసలు. పోగా మిగిలింది సరిగ్గా 3,905.60. ఆ రుసుములో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతుంది. మిగతాది కార్డు సంస్థ, దుకాణదారుడి బ్యాంకు పంచుకుంటాయి. దిష్టి తగలడానికి ఇక పైసా కూడా మిగల్లేదు.

మరి నాలుగు వేలు? కొన్నావిడ సరుకు అందలేదని తన బ్యాంకుకు ఫిర్యాదు చేసింది. ఇతను మూట ఆటోలో పంపాడు, అందినట్టు సంతకం తీసుకోలేదు. జవాబివ్వమని వచ్చిన ఈమెయిలు ఇంగ్లీషులో ఉందని తెరవలేదు. గడువు దాటింది, సొమ్ము వెనక్కి పోయింది. నేనూ ఏం చేయలేకపోయాను. చిన్న దుకాణానికి నాలుగు వేలంటే వారం రోజుల లాభం. తెలియని భాషలో నోటీసు పంపి గడువు పెట్టడం న్యాయం కాదని నేనంటాను. కానీ ఆ అన్యాయాన్ని ప్రశ్నించాలన్నా ముందు అది దిష్టి కాదని తెలియాలి కదా!

ఇప్పుడతను పంపిన ప్రతి మూటకూ సంతకం తీసుకుని, స్లిప్పులు తీగకు గుచ్చుతున్నాడు. నిమ్మకాయ ఇంకా వేలాడుతూనే ఉంది. దాని గురించి నేను వాదించలేదు. రసీదు దాచుకునే చెయ్యి ఏదో ఒక రోజు నిమ్మకాయనూ లెక్క అడుగుతుంది.