పెండ చెప్పిన చరిత్ర

రాతియుగం పాఠం అనగానే మన పుస్తకాలు రాతిగొడ్డళ్ళ బొమ్మలు చూపిస్తాయి. నేనైతే పెండతో మొదలుపెడతాను. పుట్టింది గొల్ల ఇంట్లో, బతుకంతా చెప్పింది చరిత్ర పాఠం. నా ఇంటి పనీ, నా బడి పనీ కలిసిన చోటు ఒకటుంది: కృష్ణా తుంగభద్రల సీమలోని బూడిద దిబ్బలు.

బళ్ళారి, రాయచూరు, అనంతపురం, పాలమూరు వైపు రాతిగుట్టల దాపున ఇవి నూరుకు పైగా ఉన్నాయి. కొన్ని రెండంతస్తుల మేడంత ఎత్తు. తవ్వితే మెత్తటి బూడిద పొరలు, నడుమ నడుమ కరిగి గట్టిపడిన చిట్టెపు ముద్దలు. పందొమ్మిదో శతాబ్దంలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి బళ్ళారి దగ్గర వీటిని చూసినప్పుడు, అవి రాక్షసుల చితాభస్మమని ఊరివాళ్ళు చెప్పారు. అగ్నిపర్వతం వల్ల ఏర్పడ్డాయని కొందరు, లోహం కరిగించిన చోటని మరికొందరు అన్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఇది కాలిన పశువుల పెండ అన్నాడు. మా అవ్వను అడిగినా అదే చెప్పేది. జోయ్నర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి ఆ మాటే ఖాయం చేశాడు. పశువు తిన్న గడ్డిలోని ఇసుక పదార్థం పెండలో మిగులుతుంది. కుప్పలో మంట బాగా రాజుకుంటే అది కరిగి చిట్టెం కడుతుంది.

అసలు సాక్ష్యం మా పాలమూరులో దొరికింది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, కృష్ణకు ఉత్తరాన మక్తల్ వైపున్న ఉట్నూరు. 1957లో రేమండ్ ఆల్చిన్ అక్కడి దిబ్బను తవ్వాడు. అడుగున గుంజలు పాతిన గుంతలు వరుసగా బయటపడ్డాయి. పసుల దొడ్డి చుట్టూ మొద్దులతో కట్టిన కంచె అది. దొడ్డిలో పెండ పేరుకున్నాక అంటుకుంది, లేదా అంటించారు. కాలిన చోటే మళ్ళీ గుంజలు పాతారు, మళ్ళీ మందను తోలారు, మళ్ళీ కాలింది. ఒక పొర మీద పశువుల గిట్టల అచ్చులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. బొగ్గును పరీక్షిస్తే సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ నాటిదని తేలింది. అప్పటికి ఈ సీమలో శాసనం లేదు, ఇనుము లేదు. ఏ రాజు పేరూ తెలియని కాలం నుంచి ఒక ఎద్దు అడుగు మనదాకా వచ్చింది.

మంట ఎందుకు పెట్టారన్న దగ్గర పండితులకు పేచీ. 1963లో వచ్చిన తన పుస్తకంలో ఆల్చిన్ దీన్ని పండుగ మంటలతో కలిపాడు. మందలు వలస కదిలే వేళ చేసే క్రతువు కావచ్చన్నాడు. తర్వాత మన కాట్రగడ్డ పద్దయ్య కర్ణాటకలోని బుదిహాళ్‌లో ఏళ్ళ తరబడి తవ్వకాలు జరిపాడు. దొడ్డి పక్కనే నివాసాలు, పశువుల్ని కోసి మాంసం పంచుకున్న నేల దొరికాయి. అంటే అది ఒట్టి మజిలీ కాదు, ఊరే. పోగుపడిన పెండను కాల్చి దొడ్డిని శుభ్రం చేసుకున్నారని ఆయన వాదన. నేను పద్దయ్య పక్షమే, కానీ పూర్తిగా కాదు. ఈగలూ పిడుదులూ పోవాలని పొగ పెట్టినవాడే పండుగనాడు అదే దొడ్డికి దండం పెడతాడు. పనినీ మొక్కునూ విడదీయడం పుస్తకాల వాళ్ళ అలవాటు, కాపరికి ఆ లెక్క లేదు.

వాళ్ళు పసుల మీదే బతికారనుకోవద్దు. ఆ కాలపు మట్టిని జల్లెడపట్టి కడిగితే మాడిన ఉలవలు, పెసలు, చిరుధాన్యపు గింజలు బయటపడ్డాయి. ఎముకల్లో ఆవులూ ఎద్దులవే ఎక్కువ. గొర్రెలూ మేకలూ ఉన్నాయి. బళ్ళారి దగ్గరి కుప్గల్ గుట్ట మీద రాళ్ళకు మూపురం ఎత్తిన, పొడుగు కొమ్ముల ఎద్దులను తొలిచారు. గుట్ట మీద బొమ్మ, గుట్ట కింద దొడ్డి. ఇంతకు మించి చిరునామా ఏం కావాలి?

ఆ బతుకు పూర్తిగా పోలేదు. అమ్రాబాద్ గుట్టల్లో లంబాడీలు పొడ తూర్పు పసులను ఇప్పటికీ కాలాన్ని బట్టి మేతకు అడవిలోకి తోలుతారు. ఎండాకాలం మా చేలల్లో ఎరువు కోసం మంద ఆపించుకోవడం నా చిన్నప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉండేది. నేటి కాపరులు ఆనాటి వాళ్ళ వారసులే అని నేననను, దానికి రుజువు లేదు. గుట్ట, నీరు, గడ్డి చూసుకుని దొడ్డి కట్టే తెలివి మాత్రం ఒకటే.

బాధేమిటంటే, ఈ దిబ్బలు ఎరువుగా పొలాలకు తరలిపోతున్నాయి, పక్క గుట్టలు గ్రానైట్ కింద పగులుతున్నాయి. కోట గోడ కూలితే పత్రికలో రాస్తాం, బూడిద దిబ్బ మాయమైతే ఎవరికీ పట్టదు. మీ ఊరి పొలిమేరలో ఇట్లాంటి దిబ్బ ఉంటే, బండికెత్తే ముందు పురావస్తు శాఖకు ఒక మాట చేరవేయండి.