చేతినుండి చేతికి

మశూచికమును మనవారు అమ్మవారనిరి. గుమ్మమునకు వేపమండలు గట్టి, పొక్కులతో గాగు బిడ్డకడ తల్లులు రేయింబవళ్లు గూర్చుండిరి. ఆ పరిచర్యను మేము పరిహసింపము; మందెరుగని కాలమున బిడ్డకు దిక్కదియే. కాని వ్యాధిని రాకుండ జేయుట దానికి సాధ్యము గాదు.

1796వ సంవత్సరమున ఇంగ్లండులో జెన్నరు అను వైద్యుడు గోమశూచికపు రసిని ఎనిమిదేండ్ల బాలుని చేతి కెక్కించెను. పిమ్మట మశూచికపు రసినే యెక్కించినను వానికి వ్యాధి సోకలేదు. 1802 జూను 14వ తేదీన బొంబాయిలో ఆన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేసిన టీకా ఫలించెను. మన దేశమున నదియే మొదటిది. మంచుపెట్టెలు లేని ఆ దినములలో ఒక బిడ్డ పొక్కునుండి మరియొక బిడ్డ చేతికి రసి నెక్కించుచు ఊరూరికి గొనిపోయిరి. “ఏ కులపు బిడ్డ రసి?” యని పలువురు వెనుదీసిరి. వ్యాధి మాత్రము కులమడుగక లోనికి బోయెను.

1980లో ప్రపంచారోగ్యసంస్థ మశూచికము నశించినదని ప్రకటించెను. నేడు దాని టీకాతో పిల్లలకు బనిలేదు. కాని తట్టు, కోరింతదగ్గు, ధనుర్వాతము ఇంకను పొంచియున్నవి. సూదిపోటునకు బిడ్డ యేడ్చిన తల్లి జంకుట సహజము. నర్సు ఆమెను గద్దింపరాదు. కొంచెము జ్వరము రావచ్చునని ముందే చెప్పి, మరల రావలసిన దినమును తెలుపవలెను. వేపమండల నీడను మేల్కొనియున్న ఆ వాత్సల్యమే టీకాకు దోడుగావలెనని మా కోరిక. పూర్వము బిడ్డలు తమ చేతులమీదుగా మోసితెచ్చిన రక్షను నేడు పెద్దలు జారవిడుచుట తగునా?