దీవానులో పేరు: జీవనభృతి చరిత్రపై ఒక పరిశీలన

యంత్రాలు మనుషుల పనిని తగ్గిస్తున్న కొద్దీ, పని ఉన్నా లేకున్నా ప్రతి మనిషికీ ప్రభుత్వం నుండి ఇంత అని నికరమైన ఆదాయం అందాలన్న వాదన ప్రపంచమంతటా బలపడుతున్నది. ఆర్థికవేత్తలు దీనిని సార్వత్రిక కనీస ఆదాయం అంటున్నారు. 2017 జనవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన భారత ప్రభుత్వ ఆర్థిక సర్వే ఈ ఆలోచనకు ఒక పూర్తి అధ్యాయాన్ని కేటాయించి, మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు అనే అంకెను చర్చకు పెట్టింది. దీని చరిత్ర రాసేవారు 1797లో థామస్ పెయిన్ ప్రచురించిన ఒక చిన్న పుస్తకాన్ని తరచుగా పేర్కొంటారు. భూమి అందరి ఉమ్మడి సొత్తు గనుక, దానిని సొంతం చేసుకున్నవారు మిగిలినవారికి పరిహారం చెల్లించాలని ఆయన వాదించాడు.

అంతకు పదకొండు శతాబ్దాలకు పైగా ముందు మదీనాలో ఉమ్మడి సొమ్ము నుండి పేరు పేరునా భృతి చెల్లించే ఏర్పాటు జరిగింది. ముందు చెప్పింది మేమే అని గర్వించడానికి ఈ విషయం ఎత్తడం లేదు. ఆ ఏర్పాటు ఎలా నడిచింది, ఎక్కడ తడబడింది, ఎలా ముగిసింది అన్నది పరిశీలిస్తే, నేడు సిరిసిల్ల సాంచాల ముందు, కోరుట్ల, జగిత్యాల బీడీ చాటల ముందు కూర్చున్నవారి గురించి మనం ఏమి అడగాలో తెలుస్తుంది.

దీవాను పుట్టుక

బహ్రైన్ ప్రాంతం నుండి హజ్రత్ అబూ హురైరా (రజి) అయిదు లక్షల దిర్హములు తెచ్చినప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆ అంకెను నమ్మలేక, ఏమి చెబుతున్నావో తెలిసే చెబుతున్నావా అని రెట్టించి అడిగారని చరిత్రకారులు రాశారు. ఆ సొమ్మును ఎలా పంచాలన్న చర్చలో, అజమీ రాజ్యాలలో ఉన్నటువంటి పేర్ల పట్టిక ఒకటి ఉండాలని సలహా వచ్చింది. అలా ఏర్పడినదే దీవాను. ఇది హిజ్రీ 15లో జరిగిందని కొందరు, 20లో, అంటే క్రీ.శ. 641లో జరిగిందని మరికొందరు అంటారు. మన తెలుగులోని దివాణం అనే మాటకు మూలం కూడా ఈ పారశీక పదమే.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. నేడు ఈ పథకాలపై వినిపించే ప్రధానమైన అభ్యంతరం ఆనాడే వినిపించింది. ఇది రోమీయుల దీవాను వంటి దీవానా అని అబూ సుఫ్యాన్ (రజి) ప్రశ్నించారనీ, భృతులు నిర్ణయిస్తే జనం దానిపైనే ఆధారపడి వ్యాపారం వదిలేస్తారని హెచ్చరించారనీ బలాజురీ తన 'ఫుతూహుల్ బుల్దాన్'లో నమోదు చేశాడు. ఇది తప్పనిసరి, ఉమ్మడి సొమ్ము పెరిగిపోయింది అన్నది ఖలీఫా సమాధానం.

ఎవరికి ఎంత అన్న విషయంలో సహాబాల మధ్యనే భేదాభిప్రాయం ఉండేది. హజ్రత్ అబూ బక్ర్ (రజి) తమ కాలంలో చిన్నా పెద్దా, స్త్రీ పురుషుడు, స్వతంత్రుడు బానిస అనే తేడా లేకుండా సమానంగా పంచారనీ, మొదట తలా 7 దిర్హముల చిల్లర, మరుసటి ఏడు 20 దిర్హములు వచ్చాయనీ ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) 'కితాబుల్ ఖరాజ్'లో తెలిపారు. ముందుగా ఇస్లాం స్వీకరించినవారికి ఎక్కువ ఇవ్వాలని కొందరు కోరితే, ఆ ఘనతకు ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉన్నది, ఇది మాత్రం బతుకుతెరువు, ఇందులో సమానత్వమే మేలు అన్నది ఆయన వాదం. హజ్రత్ ఉమర్ (రజి) మాత్రం సేవను బట్టి తరగతులు ఏర్పరచారు. బద్ర్ యోధులకు ఏడాదికి 5,000 దిర్హములు, తరువాతివారికి క్రమంగా తక్కువ. అయితే తమ చివరి కాలంలో, తాను బతికి ఉంటే చివరివారిని మొదటివారితో సమానం చేస్తానని ఆయన సంకల్పించినట్లు అదే గ్రంథం చెబుతున్నది.

భృతిలో తరగతులు ఉన్నా ఆహారంలో లేవు. ఒక జరీబు ధాన్యాన్ని రొట్టెలు చేయించి, 30 మందికి ఒక పూట పెట్టి చూసి, రెండో పూటకూ అలాగే చేసి, మనిషికి నెలకు రెండు జరీబులు సరిపోతాయని ఖలీఫా నిర్ధారించారు. పురుషునికీ, స్త్రీకీ, బానిసకూ అదే కొలత. శిశువులకు మొదట్లో పాలు మాన్పించిన తరువాతే భృతి ఉండేది. దానికోసం ఒక తల్లి బిడ్డకు ముందే పాలు మాన్పిస్తున్నదని ఒక రాత్రి తెలుసుకున్న ఖలీఫా, పుట్టినప్పటి నుండే భృతి రాయాలని ఆజ్ఞాపించారు. నిబంధన మనుషులను ఎలా వంచుతుందో ఆయన గుర్తించారు. నిబంధనను మార్చారు. ఖుజాఆ తెగ దీవానును తామే మోసుకొని ఖుదైద్ దాకా వెళ్లి, పెళ్లయిన స్త్రీలకూ, కాని స్త్రీలకూ వారి వారి చేతికే సొమ్ము అందించేవారని కూడా ఉల్లేఖనం ఉన్నది.

'అతా' అనే మాట

ఈ భృతికి అరబీ గ్రంథాలు వాడిన మాట 'అతా'. దీని ధాత్వర్థం ఇవ్వడం. నిఘంటువును మాత్రమే అనుసరించే అనువాదకుడు దీనిని దానం అనో, బహుమానం అనో తెలుగు చేస్తాడు. అర్థం అక్కడే తారుమారవుతుంది. ఎందుకంటే బైతుల్ మాల్‌లో రెండు ఖాతాలు వేరువేరుగా ఉండేవి. ఒకటి సదఖాలది. తౌబా సూరా 60వ ఆయత్ పేర్కొన్న ఎనిమిది వర్గాలకు అది పరిమితం. రెండవది ఫై. హష్ర్ సూరా 7 నుండి 10వ ఆయత్ వరకు దాని హక్కుదారుల ప్రస్తావన ఉన్నది. సంపద ధనికుల మధ్యనే తిరుగాడరాదన్న సూత్రం అక్కడిదే. 'అతా' ఈ రెండవ ఖాతాలోనిది.

ఆ ఖాతాకు ఆదాయం ఎక్కడిది? ఇరాక్‌లోని సవాద్ భూములు గెలిచినప్పుడు వాటిని సైనికులకు పంచాలని హజ్రత్ బిలాల్ (రజి) వంటివారు గట్టిగా పట్టుబట్టారు. హజ్రత్ ఉమర్ (రజి) అంగీకరించలేదు. నేడు పంచేస్తే రేపు పుట్టేవారికి ఏమి మిగులుతుందని ప్రశ్నించి, హష్ర్ సూరా ఆయతులనే ఆధారంగా చూపి, భూమిని సాగుదారుల వద్దనే ఉంచి, దాని ఖరాజును ఉమ్మడి సొమ్ముగా చేశారు. కనుక 'అతా' పాలకుని దయ కాదు. ఉమ్మడి ఆస్తిలో వాటా. యమన్ కొండల్లోని గొర్రెల కాపరికి సైతం చేయి చాచే అవసరం లేకుండా, ఉన్నచోటికే తన వాటా చేరాలన్నది ఖలీఫా కోరిక.

సిరిసిల్ల సాంచాలు

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల చేతిమగ్గాల ఊరు. బతుకుతెరువు కోసం ఈ ప్రాంతపు పద్మశాలీలు షోలాపూర్, భీవండి, ముంబయిలకు వలస వెళ్లేవారు. భీవండిలో మోమిన్, అన్సారీ నేతకార్మికుల పక్కనే పనిచేసేవారు. గడచిన శతాబ్దపు ద్వితీయార్ధంలో మరమగ్గం సిరిసిల్లకు చేరింది. ఊరివాళ్లు దానిని సాంచా అన్నారు. చేతిమగ్గంపై ఒక మనిషికి ఒక మగ్గం. సాంచాల మీద ఒక కార్మికుడు ఎనిమిదింటినైనా చూసుకుంటాడు. అలా పాతికవేలకు పైగా సాంచాలతో రాష్ట్రంలోకెల్లా పెద్ద మరమగ్గాల కేంద్రంగా ఊరు ఎదిగింది. యజమాని, అతని వద్ద నూలు తీసుకొని నేసే ఆసామి, ఆసామి వద్ద పన్నెండు గంటల షిఫ్టు చేసే కార్మికుడు, వార్పిన్, వైపని కార్మికులు, కండెలు చుట్టే ఆడవాళ్లు: ఇదీ అక్కడి మెట్ల వరుస.

యంత్రం పనిని పెంచింది, కాని బతుకును నిలబెట్టలేదు. గత శతాబ్దం చివరి ఏళ్లలో, ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో సిరిసిల్ల పేరు నేతన్నల ఆత్మహత్యలతోనే దేశానికి తెలిసింది. పాత సాంచాల మీద నేసిన పాలిస్టరు గుడ్డ, కొత్త యంత్రాలున్న పట్టణాల సరుకుతో పోటీ పడవలసి వచ్చింది. నాడె లేకుండా కొన్ని రెట్ల వేగంతో నేసే రేపియర్ మగ్గాలు, చేతిమగ్గానికి సాంచా చేసినదే నేడు సాంచాకు చేస్తున్నాయి.

2017 నుండి 2023 వరకు రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పేరిట ఏటా కోటి దాకా చీరలకు ఆర్డరు ఇచ్చింది. సాంచాలు నడిచాయి, కూలి పెరిగింది. ఆ ఆర్డరు ఆగిన తరువాత 2024లో సాంచాలు మూతబడ్డాయి, ఆత్మహత్యల వార్తలు తిరిగి వచ్చాయి. 2025లో మహిళా సంఘాల చీరల పేరిట కొత్త ఆర్డర్లు వచ్చాయి. ఒక్క కొనుగోలుదారుపై, అందులోనూ ఎన్నికలతో మారే కొనుగోలుదారుపై ఒక ఊరి అన్నం ఆధారపడి ఉన్నది.

కోరుట్ల, జగిత్యాల చాటలు

1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాటాలతో వెట్టి సడలింది. భూమి మాత్రం చాలామందికి దక్కలేదు. మగవారికి గల్ఫ్ దారి కనిపించింది. ఆడవారికి బీడీ చాట మిగిలింది. తునికాకు, తంబాకు, దారం టేకేదారు ఇస్తాడు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పరదా పాటించే ముస్లిం స్త్రీలకు గడప దాటకుండా దొరికిన పని ఇదొక్కటే అయిన ఇళ్లు కోరుట్లలో, జగిత్యాలలో ఎన్నో ఉన్నాయి. పొగాకు దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని తెలిసిందే. పొగాకుపై ఉలమాల అభిప్రాయాలూ తెలిసినవే. అయినా ఆ కూలితోనే ఆడపిల్లల చదువులు, పెళ్లిళ్లు జరిగాయి.

బీడీ పరిశ్రమలోకి యంత్రం రాకపోవడానికి ఒక కారణం పన్నుల విధానం. యంత్రం చేసిన బీడీ కన్నా చేతి బీడీకి ఎక్సైజు సుంకం తక్కువగా ఉండేది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం, 1976 నాటి సంక్షేమనిధి చట్టం కొంత రక్షణ ఇచ్చాయి. కాని యంత్రం వేరే దారిన వచ్చింది. కార్ఖానాలో పుట్టిన చౌక సిగరెట్టు యువకుల చేతిలో బీడీ స్థానాన్ని ఆక్రమించింది. 2016 ఏప్రిల్ నుండి పొగాకు పెట్టెలపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరి అయింది. ప్రజారోగ్య దృష్ట్యా అది సమంజసమే. దాని భారం మాత్రం చాట మీద కూడా పడింది. పనిదినాలు తగ్గిపోయాయి.

2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛన్లలో 2015లో బీడీ కార్మికులకు జీవనభృతి పేరిట నెలకు 1,000 రూపాయలు చేర్చారు. 2019లో అది 2,016 అయింది. ఇటువంటి నికరమైన నెలసరి సొమ్ము ఈ స్త్రీలకు అంతకు ముందు ఎన్నడూ లేదు. కాని ఒక గడువు తేదీకి ముందే పి.ఎఫ్. ఖాతా ఉండాలన్నది నిబంధన. ఒకరి పేరున ఉన్న కార్డు మీద అత్త, కోడలు, కూతురు ముగ్గురూ చుట్టే ఇళ్లలో ఒక్కరే కార్మికురాలు. మిగిలిన ఇద్దరు లెక్కలో లేరు. పాలు మాన్పించిన శిశువుకే భృతి అన్న నిబంధన ఇక్కడ జ్ఞాపకం రాక మానదు.

చరిత్ర అడిగే మూడు ప్రశ్నలు

మొదటిది, సొమ్ము ఎక్కడిది? సవాద్ ఖరాజు వంటి ఉమ్మడి ఆధారం ఉంటే భృతి వాటా అవుతుంది. లేకుంటే పాలకుని కానుకగా మిగులుతుంది. అమెరికాలోని అలాస్కా రాష్ట్రం 1976లో చమురు ఆదాయంతో ఒక నిధి ఏర్పరచి, 1982 నుండి నివాసులకు ఏటా వాటా పంచుతున్నది. మన దగ్గర 2018లో హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు భూమికి ఎకరాల చొప్పున సొమ్ము ఇచ్చింది. పట్టా ఉన్నవారికి అందింది, కౌలుదారుకు అందలేదు. భూమి ఉన్నవాడికి భూమిని బట్టి ఇచ్చేది 'అతా'కు దూరం.

రెండవది, కొలత ఏది? జరీబు ధాన్యపు కొలత. ధర పెరిగినా రొట్టె తగ్గదు. ఇరాన్ 2010 డిసెంబరులో ఇంధన రాయితీలు తగ్గించి, దాదాపు ప్రతి మనిషికీ నెలకు 4,55,000 రియాళ్లు ఇవ్వసాగింది. అంకె నిలిచింది, ధరలు నిలవలేదు. కొన్నేళ్లలోనే దాని విలువ కరిగిపోయింది. మన 2,016 కూడా 2019 నుండి 2024 చివరి దాకా కదలలేదు. బియ్యం, నూనె ధరలు కదిలాయి.

మూడవది, పట్టికలో పేరు ఎవరిది, దానిని కొట్టివేసే అధికారం ఎవరిది? హిజ్రీ 218లో, అంటే క్రీ.శ. 833లో, అబ్బాసీ ఖలీఫా ముఅతసిం ఈజిప్టులోని అరబ్బుల పేర్లను దీవాను నుండి తొలగించమని ఆజ్ఞాపించాడు. తరతరాల భృతి ఒక్క ఉత్తరంతో ముగిసింది. అబూ సుఫ్యాన్ (రజి) భయపడినట్లు జనం సోమరులు కావడం కన్నా ఇదే పెద్ద ప్రమాదం. సోమరితనం మాటకొస్తే, 2011-12లో మధ్యప్రదేశ్ గ్రామాలలో సేవా సంస్థ షరతులు లేకుండా సొమ్ము ఇచ్చి చూసినప్పుడు పని తగ్గలేదు. సొంత పని చేసుకునేవారు పెరిగారు.

మన బాధ్యత

దీవానును యథాతథంగా నేటికి తెచ్చుకోవడం సాధ్యం కాదు. అది జయించిన భూముల ఆదాయంపై నిలిచింది. సైనిక పట్టికగా నడిచింది. తరగతులు పాటించింది. కాని దాని వెనుక ఉన్న సూత్రం నిలిచే ఉన్నది. ఆ సూత్రాన్ని ముస్లింలకే పరిమితం చేయడమూ తగదు. భిక్షమెత్తుతున్న ఒక యూద వృద్ధునికి జిజ్యా రద్దు చేసి బైతుల్ మాల్ నుండి భృతి ఏర్పాటు చేసిన ఉల్లేఖనం 'కితాబుల్ ఖరాజ్'లోనే ఉన్నది. సిరిసిల్ల పద్మశాలీ, కోరుట్ల ముస్లిం స్త్రీ ఒకే పట్టికలో ఉండవలసినవారు.

రమజానులో మన పట్టణాలలో జకాత్ వసూలై వితంతువులకు చేరుతున్నది. అది ఫర్జ్, అది సాగాలి. కాని అది మొదటి ఖాతా. రెండవ ఖాతా గురించి, అంటే యంత్రం పెంచిన సంపదలో పని పోయినవారి వాటా గురించి, జకాత్ ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. చేయగల పని ఒకటి మన చేతిలోనే ఉన్నది. ప్రతి మస్జిదు కమిటీ తన మొహల్లాలో కార్డు లేకుండా బీడీలు చుట్టే స్త్రీల పేర్లు, పక్క వాడలో కండెలు చుట్టే స్త్రీల పేర్లు, మతం చూడకుండా రాయించి, ఆ పట్టికను మండల కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఖుదైద్ దాకా దీవాను మోసుకెళ్లిన ఖలీఫాను గౌరవించేవారికి ఆ పట్టిక బరువు ఎక్కువ కాదు.