ఎవరి కుంచంతో కొలుస్తున్నారు?

సంతలో షావుకారు కుంచం మారితే మన కందుల లెక్క మారిపోతుందని మన పెద్దలకు బాగా తెలుసు. మనిషి తెలివిని, స్వభావాన్ని కొలిచే ప్రశ్నపత్రాల చరిత్రలోనూ ఇదే జరిగింది.

ఉపాధ్యాయ శిక్షణలో మనం ప్రజ్ఞాలబ్ధి సూత్రం నేర్చుకున్నాం. దానికి దారి వేసిన పరీక్షను 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే తయారుచేసింది, బడిలో వెనకబడిన పిల్లలను గుర్తించి సాయం చేయడానికి. అమెరికా చేరాక ఇలాంటి పరీక్షల పని మారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 17 లక్షల మంది సైనికులకు పరీక్షలు పెట్టారు. ఇంగ్లీషు చదవలేనివాళ్లకు బొమ్మలు చూపి, వాటిలో లేనిదేదో గీయమన్నారు. వల లేని టెన్నిస్ కోర్టు అందులో ఒకటి. టెన్నిస్ ఎన్నడూ చూడని వలసకూలీ ఏం గీస్తాడు? ఆ మార్కులు చూపించే 1923లో కార్ల్ బ్రిగమ్ కొన్ని జాతులకు పుట్టుకతోనే తెలివి తక్కువని పుస్తకం రాశాడు. 1930లో తన వాదనకు పునాది లేదని తానే ఒప్పుకున్నాడు.

1960లలో ఆఫ్రికాలోని లైబీరియాలో క్పెల్లె రైతుల ముందు 20 వస్తువులు పెట్టి, కలిసేవాటిని కలపమన్నారు. తిండి వస్తువులు ఒకచోట, పనిముట్లు ఒకచోట పెడతారని పరిశోధకులు అనుకున్నారు. ఒక రైతు కత్తిని నారింజ పక్కన పెట్టాడు. కత్తి పండును కోస్తుంది కదా, తెలివైనవాడు ఇలాగే చేస్తాడన్నాడు. మరి తెలివితక్కువవాడు ఎలా చేస్తాడని అడిగితే, పరిశోధకులు కోరినట్టే గుంపులు కట్టి చూపించాడు. ఆ రెండో ప్రశ్న అడగకపోతే అతనికి అది చేతకాదనే రాసుకునేవారు.

స్వభావాన్ని అడిగే ప్రశ్నావళుల సంగతీ అంతే. మనిషి స్వభావం ఐదు ప్రధాన గుణాలుగా విడుతుందని చెప్పే ప్రశ్నావళి ఒకటుంది. బొలీవియాలో వేట, పోడు మీద బతికే త్సిమానే ఆదివాసుల భాషలోకి దాన్ని మార్చి 632 మందిని అడిగారు. 2013లో వెలువడిన ఫలితాల్లో ఆ ఐదూ కనబడలేదు. నలుగురితో కలిసి మెలగడం, కష్టపడి పనిచేయడం అనే రెండు గుణాలే తేలాయి. మాటలు అనువాదమయ్యాయి గాని, కొలిచింది అదే కాలేదు.

మన పిల్లల ఇంటి మాట కోయ, గోండి, కువి, సవర. వాళ్ల పరీక్షపత్రం తెలుగులో ఉంటుంది. మార్కు తక్కువ వచ్చిందని పిల్లకు తెలివి లేదని రాసే ముందు, అదే ప్రశ్నను ఇంటి మాటలో, ఇంటి వస్తువులతో మళ్లీ అడుగుదాం. ఆ జవాబు ఎందుకు చెప్పిందో కూడా అడిగి, అది విన్నాకే రాద్దాం.