ఎడమ ముందుకాలు

వెనక్కాళ్ల గోళ్లు కత్తిరించడం అయిపోయింది. కుడి ముందుకాలూ అయింది. ఆ అమ్మాయి ఎడమ ముందుకాలు అందుకోగానే చెర్రీ నోరు మూసుకుంది.

హైదరాబాద్‌లో ఒక చిన్న గ్రూమింగ్ షాపు. ఆదివారం కావడంతో బయట కుర్చీలన్నీ నిండాయి. బల్లమీద ఉన్నది ఆరేళ్ల లాసా ఆప్సో. దాన్ని పట్టుకున్నది పనిలో కొత్తగా చేరిన అమ్మాయి. వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. కుక్క పేరూ మార్చాం.

అంతదాకా నాలుక బయటపెట్టి ఎగపోస్తున్న కుక్క ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ముక్కు నాక్కుంది. తల పక్కకు తిప్పింది గానీ, చూపు ఆమె చేతిమీదే ఉంది. కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా బయటపడింది. ఇదంతా రెండు సెకన్లలో అయిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటిని గమనించరు, తోక వైపే చూస్తుంటారు. ఒళ్లంతా కొయ్యబారి తోక ఒక్కటే ఆడుతుంటే దాన్ని సంతోషం అనుకోకూడదు.

ఆమె కాలు వదల్లేదు. చెర్రీ గుర్రుమంది.

“ఏయ్!” అని ఆమె గద్దించబోయింది.

“తిట్టకు బిడ్డా,” అన్నాడు పక్క బల్ల దగ్గరున్న అన్న. పని నేర్పేది ఆయనే. “కాలు లాగకు, మెల్లగ విడువు. కట్టర్ పక్కన పెట్టు. నీ మొహం దూరం జరుపుకో.”

“మెడకు లూప్ ఉంది కదన్నా, గట్టిగ పడితే ఒక్క నిమిషంల అయిపోతది.”

“లూప్ అది కింద పడకుండ ఏసింది, నువ్వు గుంజనీకి కాదు. గుర్రుమన్నందుకు తిడితే గుర్రుమనుడు మానేస్తది. కరుసుడు మానదు. ఈసారి చెప్పకుంటనే కరుస్తది.”

ఈ పని నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది. చాలాచోట్ల ముందుగా నేర్పేది అదిమిపట్టడమే. అమెరికాలో పశువైద్యురాలు సోఫియా యిన్ ఈ అలవాటు మీదే పోరాడింది. కాలిఫోర్నియాలో వైద్యం చేస్తున్న రోజుల్లో, జబ్బుల కంటే ప్రవర్తన కారణంగానే ఎక్కువ పెంపుడు జంతువులు ప్రాణం పోగొట్టుకుంటున్నాయని గ్రహించి, జంతు ప్రవర్తన చదవడానికి మళ్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. కుక్కలనూ పిల్లులనూ బెదరగొట్టకుండా పట్టుకోవడం మీద 2009లో పెద్ద పుస్తకం తెచ్చింది. 2014లో, ఇంకా యాభై నిండకుండానే కన్నుమూసింది. కుక్క భయపడే పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఇష్టమైన తిండి జోడించమన్నది ఆమె చెప్పిన పద్ధతుల్లో ముఖ్యమైనది.

అన్న ఆ పుస్తకం చదివాడో లేదో గానీ, చేసింది మాత్రం అదే. ఉడికించిన చికెన్ ముక్కలు కొన్ని ఆమె చేతిలో పెట్టాడు. “భుజం ముట్టు, ఒకటి పెట్టు. మోచేయి దాకా రా, ఇంకోటి పెట్టు. అది బిగుసుకుంటే ఆడనే ఆగు.”

ఆమె కుక్కకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడింది. ఒక చెయ్యి ఛాతీ కింద ఆనించింది. లూప్‌లో ఉన్న కుక్క బల్లమీంచి దూకితే మెడకు ఉరి పడుతుంది. అందుకే దాన్ని వదిలి ఒక్క అడుగు కూడా కదలకూడదు. భుజం దగ్గర చెర్రీ తిన్నది. మోచేయి దగ్గరా తిన్నది. మణికట్టు చేరగానే చికెన్ వైపు చూడనైనా చూడలేదు.

“మజిల్ ఎయ్యాలా అన్నా?”

“ఏస్తే నిన్ను కరవదు, నిజమే. దాని నొప్పి ఏడికి పోతది? జుట్టు తీసి చూద్దాం.”

మూతికి గుడ్డ మజిల్ బిగిస్తే కుక్క ఎగపోయలేదు. ఎగపోస్తేనే దాని ఒంట్లో వేడి తగ్గేది. అందుకని వేసినా ఎక్కువసేపు ఉంచకూడదు. అన్న దాన్ని వదులుగా తొడిగి, వేళ్లతో అట్టకట్టిన జుట్టును విడదీశాడు. కాలి లోపలి పక్కన, నేలకు ఆనని ఎత్తులో ఒక గోరు ఉంటుంది. నడకలో అరగదు కాబట్టి పెరుగుతూనే పోతుంది. చెర్రీకి అది గుండ్రంగా తిరిగి మాంసంలోకి దిగింది. చుట్టూ చీము.

మజిల్ వెంటనే తీసేశారు. యజమానిని లోపలికి పిలిచారు.

“సగం పనిచేసి పంపిస్తారా?” అన్నాడాయన ముందు. “ఇంట్లో ఇద్దరం అదిమి పడితే ఊరుకుంటుంది.”

అన్న మాట్లాడలేదు. జుట్టు పక్కకు తీసి చూపించాడు. ఆయన చూసిన తర్వాత, “కట్ చేయలేదు సార్. ఇది డాక్టర్ పని,” అంది ఆ అమ్మాయి. ఆ సాయంత్రమే డాక్టర్ మత్తిచ్చి గోరు తీశారు.

ఆ రోజు కరిచి ఉంటే? సింకు దగ్గర సబ్బు పెట్టేది అందుకే. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తర్వాత నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. రోజూ కుక్కల మధ్య ఉండేవాళ్లకు కరవకముందే వేసే రేబిస్ టీకా ఉంది. పనిలో చేర్చుకునే ముందు అది వేయించడం షాపు యజమానుల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

పుండు మానాక చెర్రీ మళ్లీ వచ్చింది. ఆ రోజు ఆ అమ్మాయి దాని ఎడమ ముందుకాలు పట్టుకుని, వదిలి, తిండి పెట్టి పంపింది. కట్టర్ తీయలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు రెండు గోళ్లు కత్తిరించింది. మిగతావి యజమాని ఇంట్లో తీస్తానన్నాడు. ఎలా పట్టుకోవాలో ఆమె దగ్గరే నేర్చుకుని వెళ్లాడు.