128 వాద్యాల్లో మన డోలి ఏది?

మన గూడేల్లో యువకులు ఇప్పుడు పాటలు తామే రికార్డు చేసుకుంటున్నారు. పెళ్లి పాటైనా, పండుగ పాటైనా, పోరాట పాటైనా ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు ఉంటే చాలు. పాడే గొంతు మనది, భాష మనది. కానీ ఆ గొంతు వెనుక మోగే వాద్యాలు ఎవరివి? డోలి మోగాల్సిన చోట ఢోలక్, పెప్రె పలకాల్సిన చోట షెహనాయి వినిపిస్తున్నాయి. ఇది మన పిల్లల అశ్రద్ధ కాదు. కంప్యూటర్‌లో ఏ వాద్యాలు ఉండాలో ఎన్నో ఏళ్ల కిందటే, ఎక్కడో దూరాన నిర్ణయమైపోయింది. ఆ చరిత్ర మనం తెలుసుకోవాలి.

వాయించేవాళ్లు ఎదురుగా లేకుండా వాద్యాన్ని పలికించాలన్న ఆలోచన కంప్యూటర్‌తో మొదలవలేదు. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మెల్లోట్రాన్ అనే పెట్టె తయారైంది. దానిలో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కితే ముందే రికార్డు చేసిన వేణువో, వయొలినో కొన్ని క్షణాలు పలికేది.

1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ ఫెయిర్‌లైట్ అనే యంత్రాన్ని తెచ్చారు. అసలు వాద్యాల ధ్వనిని లెక్కలతో పుట్టించాలని వాళ్లు మొదట ప్రయత్నించారు. అది అనుకున్నట్టు రాలేదు. చివరికి నిజమైన ధ్వనినే చిన్న ముక్కగా రికార్డు చేసి, దాన్ని వేర్వేరు స్థాయిల్లో పలికించారు. ఈ పద్ధతికి శాంప్లింగ్ అని పేరు వచ్చింది. మరుసటి ఏడు, 1980లో, అమెరికాలో రోజర్ లిన్ తయారుచేసిన డ్రమ్ యంత్రంలోనూ ఉన్నవి నిజమైన డ్రమ్ముల రికార్డింగులే.

1983లో వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మిడి అనే ఉమ్మడి భాష వచ్చింది. మిడిలో ధ్వని ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న అంకెలు మాత్రమే ఉంటాయి. ఆ అంకెలను ఏ వాద్యంతో పలికించాలన్నదానికి 1991లో జనరల్ మిడి అనే జాబితా తయారైంది. అందులో 128 స్థానాలు. పియానోలకే మొదటి వరుస ఇచ్చారు. 105వది సితార, 112వది షెహనాయి, 117వది జపాను వారి టైకో డోలు. కోయల డోలి లేదు. గోండుల పెప్రె, కాలికోం లేవు. ప్రధాన్‌లు కమాను పట్టి వాయిస్తూ గోండుల కథలు చెప్పే కింగ్రి లేదు. ఇక 1990ల చివరికి వాద్యాలు పూర్తిగా కంప్యూటర్‌లోకే వచ్చేశాయి. వాటినే ఇప్పుడు వర్చువల్ వాద్యాలు అంటున్నాం.

జాబితాలో పేరు లేకపోవడం ఒక్కటే నష్టం కాదు. మిడి పుట్టింది కీబోర్డు చుట్టూ. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారే కింగ్రి స్వరం అందులో తేలిగ్గా ఇమడదు. దానికి వేరే మీటతో స్వరాన్ని వంచాలి. లయ సంగతీ అంతే. సాఫ్ట్‌వేర్‌లో క్వాంటైజ్ అనే మీట నొక్కితే ప్రతి దెబ్బా గీతల మీదికి చేరుతుంది. రేలా ఆటలో అడుగు చూసి డోలు కొట్టేవారు కొంచెం ముందుకో వెనక్కో వేసే దెబ్బను యంత్రం తప్పుగా భావించి సరిచేస్తుంది. పదేళ్లు ఆ పాటే విన్న పిల్లలకు పెద్దలు కొట్టే లయే తప్పుగా అనిపించే ప్రమాదం ఉంది.

అయితే దారి కూడా ఈ చరిత్రలోనే ఉంది. మెల్లోట్రాన్ నుంచి నేటి వరకు ఈ వాద్యాల వెనుక ఉన్నది ఒకటే పని. ఎవరో ఒకరు వాయించారు, ఎవరో ఒకరు రికార్డు చేశారు. ఆ పని మనమూ చేయవచ్చు. చప్పుడు లేని గదిలో డోలు వాయించే పెద్దాయనను కూర్చోబెట్టాలి. కుడి వైపు దెబ్బ, ఎడమ వైపు దెబ్బ, మధ్యలో, అంచున, మెల్లగా, గట్టిగా, ఒక్కో రకాన్ని నాలుగైదు సార్లు రికార్డు చేయాలి. ఆడాసిటీలో ముక్కలు కత్తిరించి, ఎల్‌ఎంఎంఎస్‌లో మెట్లకు తగిలించవచ్చు. ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. పాట కట్టేటప్పుడు ముందు డోలు, గొంతు కలిపి రికార్డు చేసి, మిగతా వాద్యాలను వాటి వెంట నడిపించాలి. క్వాంటైజ్ మీట జోలికి పోకూడదు.

ఒక హద్దు మాత్రం పాటించాలి. దేవుని కార్యంలో తప్ప మోగించని వాద్యాన్ని పెద్దల మాట లేకుండా రికార్డు చేయకూడదు. రికార్డు చేసిన ప్రతి ధ్వనికీ వాయించిన వారి పేరు, ఊరు, వాద్యం పేరు మన భాషలో రాయాలి. పేరు లేని ధ్వని రేపు ఎవరి చేతిలోనో వట్టి ‘ట్రైబల్ డ్రమ్’ అయిపోతుంది.

2022లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం గుర్తించిన ఆ వాద్యం మన పిల్లల ల్యాప్‌టాప్‌లో కూడా ఉండాలి. ఉపాధ్యాయులుగా మనం దీన్ని బడిలో ఒక ప్రాజెక్టు పనిగా ఇవ్వవచ్చు. వాయించే పెద్దలు ఉన్నప్పుడే ఈ పని జరగాలి. కంప్యూటర్‌లోని డోలి వారి చేతికి బదులు కాదు. ఆ చేతి నుంచి నేర్చుకోవడానికి పిల్లలను పంపే గుర్తు మాత్రమే.