.315 రైఫిల్ – గురి సంగతి

త్రీ నాట్ త్రీ మోసిన పాతతరం వారికి దాని తమ్ముడు .315 బోర్ స్పోర్టింగ్ రైఫిల్ కొత్తేమీ కాదు. వైశాలిలో స్థిరపడ్డ మనవాళ్ళ కబుర్లలో ఇప్పటికీ దాని మాట వస్తుంది. "ఫ్యాక్టరీ రైఫిల్‌కి గురి ఎక్కడిదండీ?" అంటారు కొందరు. నేను ఒప్పుకోను.

సైన్యం వాడే .303 తూటా తిరుగుబాటుదారుల చేతికి పోతుందని బ్రిటిష్ వారి భయం. అందుకే పౌరులకు దాన్ని నిషేధించి, అదే లీ బోల్టుకు 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా జతచేశారు. మొదట ఇంగ్లండులో బి.ఎస్.ఎ. వారు, తరువాత బెంగాల్‌లోని మన ఇషాపూర్ ఫ్యాక్టరీ వారు ఈ రైఫిళ్ళు తయారుచేశారు. అంటే ఆ బోర్ చట్టం కోసం పుట్టింది, గురి కోసం కాదు.

అయినా గురి కుదురుతుంది. మౌజర్ బోల్టు ముందు భాగాన లాక్ అవుతుంది, లీ బోల్టు వెనుక భాగాన. కర్ర ఎండి వదులైతే పేల్చిన ప్రతిసారీ యాక్షన్ కదిలి తూటాలు చెదురుతాయి. కాబట్టి మన ఆర్మరర్లు ముందు కర్ర కూర్పు, స్క్రూల బిగింపు చూసేవారు. బారెల్‌లో నూనె తుడిచి, ఒకే లాట్ తూటాలతో గ్రూపింగ్ తీసేవారు. జీరోయింగ్ ఆ తరువాతే. గ్రూపు కుదరకుండా సైటు జరిపి లాభం లేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణలతో సరదా వేట ఆగిపోయింది. రైఫిల్ మాత్రం లైసెన్సు మీద కాపలా పనికి మిగిలింది. జనం మధ్య నిలబడే గార్డు తూటా జానెడు పక్కకు పోయినా ప్రాణం మీదికొస్తుంది. ఈ విద్య తెలిసిన పెద్దలు కుర్రవాళ్ళకు నేర్పాలని నా మనవి.